ఏడు గిన్నెలు

మూడు చలికాలాలు మా మిద్దెమీది గదిలో ఉండింది యాంగ్చెన్.
గాంధీ రోడ్డు చివర స్వెట్టర్లు అమ్మేది.
"తిరప్తిలో చలి యాడుంది మే" అని జేజి నవ్వేది,
నవ్వుతూనే
ఊదారంగు శాలువా ఒకటి బేరమాడి కొనింది.

బైలకుప్ప బస్సెక్కే ముందురోజు
ఏడు ఇత్తడి గిన్నెలు, ఒక గంట,
అరచేతిలో పట్టే బుద్ధుడు,
పాత టవల్లో చుట్టి మాకిచ్చేసింది.
మోకాళ్ళు పోయినాయి, ఇంక రాలేనంది.

అల్మారా పై అరలోంచి
రేషన్ కార్డు, కరెంటు బిల్లులు తీసి చోటు చేసినాను.
వచ్చిన నాలుగు తెలుగు మాటల్తో ఆమె నేర్పింది:
గిన్నె ఉత్తది పెట్టకూడదు,
రెండు చుక్కలైనా పోసే పెట్టాలి.
పొద్దున ఎడమనుంచి కుడికి నింపాలి,
సాయంత్రం కుడినుంచి దించాలి.
గిన్నెకూ గిన్నెకూ మధ్య బార్లీ గింజంత ఎడం.
ఎక్కువైతే గురువు దూరం,
తాకితే బుద్ధి మొద్దు.

మా ఇంట్లో బార్లీ లేదు.
జేజి కొర్రగింజలు పెట్టి కొలిచింది,
కొలిచినవి తియ్యకుండా అక్కడే వదిలేసింది.

మొదటిది తాగేదానికి.
రెండోది కాళ్ళకు.
ఆ పైన పువ్వు, ధూపం, దీపం, గంధం, అన్నం,
అన్నిటికీ బదులు నీళ్ళే.
ఇంటికొచ్చిన మనిషికి చేసే మర్యాద, అంతే, అనింది యాంగ్చెన్.

"కాళ్ళకు కూడానా?"
జేజి రెండుసార్లు అడిగింది.

నీళ్ళే ఎందుకని నేనడిగినాను.
ఆమె పిడికిలి విప్పి చూపించింది.
నీళ్ళు ఊరికే దొరుకుతాయి,
ఇచ్చినోళ్ళకు పోయేదేం లేదు,
అందుకే నీళ్ళిచ్చేటప్పుడు
ఎవరి చెయ్యీ వెనక్కి పోదు.

జేజి వక్క కొరకడం ఆపింది.
"నీకెవురు చెప్పినార్మే,
నీళ్ళిచ్చేదానికి చెయ్యి ఎనక్కి పోదని?"

యాంగ్చెన్‌కు అర్థం కాలేదు.
పాకాల దగ్గర మా పల్లెలో
బాయికి పన్నెండు మెట్లంట.
జేజి ఒక్క మెట్టూ తొక్కింది లేదు.
గట్టుకు అవతల కడవ దించి
పోసేవాళ్ళు వచ్చిందాకా ఎండలో కూచునేది.
పైనుంచి పోస్తే
దోసిట్లోకి సగం, మోచేతులమీదుగా సగం.
ఇదంతా జేజి చెప్పలేదు.
నాయన చెప్పినాడు, ఒక్కసారి, తాగి.

నేను కార్పొరేషన్లో వాల్వు తిప్పే మనిషిని.
తెల్లారుజామున నాలుగున్నరకు కొర్లగుంట,
ఆరుకు ఇంకో పక్క, రోజు మార్చి రోజు.
ఇనప తాళం గుంతలోకి దించి పదకొండు చుట్లు తిప్పితే
కల్యాణి డ్యాం నీళ్ళు వీధుల్లోకి పరిగెత్తుతాయి.
ఎవరిల్లో ఏమిల్లో పైపుకు పట్టదు.
వేల బిందెలు నింపే ఈ చెయ్యే
ఏడు చిన్న గిన్నెల దగ్గర వణుకుతుంది.

గంట సంగతి వేరే.
దాని బోలు ఆడదంట, జ్ఞానమంట.
దానికి జతగా వజ్రమని ఒకటుండాలంట,
అది యాంగ్చెన్ అన్న దగ్గరే నిలిచిపోయింది.
జతలేని ఆ గంటను జేజి ఒకసారి ఆడించి,
మోత పూర్తిగా అణిగిందాకా చెవిదగ్గర పట్టుకుని
"గొడ్డు మెడలోది కాదులే" అని
నిమ్మళంగా కింద పెట్టింది.
వాళ్ళ నాయన
చచ్చిన గొడ్ల మెడల్లోంచి గంటలు విప్పి, కడిగి,
ఎవరివి వాళ్ళకు ఇచ్చేసేవాడంట.

మొన్న, మా వీధికి వంతు లేని రోజు,
డ్యూటీ దిగి వచ్చేసరికి పొద్దు వాలింది.
అరలో ఆరు గిన్నెలే ఉన్నాయి.
వాకిట్లో గడపమీద జేజి,
చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని
రెండో గిన్నె ఒంచుకుంటోంది.
ఎడమ పాదం మీద.
ఆగి, కుడి పాదం మీద.
గిన్నెడు నీళ్ళు ఎంతని వస్తాయి,
పగుళ్ళలోకే ఇంకిపోయినాయి.

నన్ను చూసి దాచుకోలేదు.
"ఉత్తది పెట్టకూడదంట గదరా,
బిందెలోంచి రెండు చుక్కలు పోసి పెట్టు" అనింది.

పోసి తెచ్చినాను.
పెట్టబోతే
ఒకటో గిన్నెకూ మూడో గిన్నెకూ నడుమ
దుమ్ము పట్టని గుండ్రటి మచ్చ,
దానికి అటొకటి ఇటొకటి
కొర్రగింజలు.